మిలిటరీ శాటిలైట్ల ఖర్చు పోల్చాలంటే: ఒకే పుట్టితో కొలిచే పద్ధతి

నెల్లూరులో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఎకనామిక్స్ చెబుతుంటాను. ఒక రోజు క్లాసులో కందుకూరు అబ్బాయి లేచి అడిగాడు. "సార్, నేవీ వాళ్ళ రుక్మిణి శాటిలైట్ 185 కోట్లేనంట. ఆర్మీ కోసం చేస్తున్న జీశాట్-7బికి 2,963 కోట్లంట. పదహారు రెట్లు! ఏంది సార్ ఇది?"

వాడు చెప్పిన అంకెలు రెండూ వార్తల్లో వచ్చినవే. భాగహారం కూడా సరిగ్గానే చేశాడు. జవాబు మాత్రం తప్పు. ఎందుకు తప్పో ఆ గంటలో చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి కాగితం ముందేసుకుని కూర్చుంటే రెండు మూడు రోజులు పట్టింది. ఆ కాగితమే ఇది.

మన వైపు వడ్లు కొనేవాడు పుట్టికి ఇంత అంటాడు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. జిల్లా దాటితే పుట్టి లెక్కే వేరు. అందుకే ధర వినగానే "ఏ పుట్టి?" అని అడగని రైతు ఉండడు. అదే రైతు కొడుకు పేపర్లో శాటిలైట్ ధర చూసినప్పుడు ఆ ప్రశ్న అడగడు. ఈ పద్ధతంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఒక నోటుబుక్కు, ఫోన్లో కాలిక్యులేటర్ ఉంటే చాలు. కందుకూరు అబ్బాయి పదహారు రెట్లను కూడా దారిలో కొంచెం కొంచెంగా కరిగిద్దాం.

మొదటి అడుగు: ఆ శాటిలైట్ ఏ పనికో రాసుకోండి

సైన్యానికి శాటిలైట్ అవసరాలు ఒక్క రకం కాదు. నడుస్తున్న సైనికుడి చేతిలోని చిన్న రేడియోకి మాట వెళ్ళాలి. యుద్ధనౌకకీ, డ్రోన్‌కీ వీడియో, మ్యాపులు లాంటి బరువైన డేటా వెళ్ళాలి. శత్రువు జామ్ చేసినా, అణుదాడి జరిగినా ఆగకూడని ఆదేశాలు ఇంకో రకం. అమెరికా ఈ మూడింటికీ మూడు వేర్వేరు వ్యవస్థలు పెట్టుకుంది. చేతి రేడియోలకు ఎంయూఓఎస్, బరువైన డేటాకు డబ్ల్యూజీఎస్, ఆగకూడని ఆదేశాలకు ఏఈహెచ్ఎఫ్. మూడూ మిలిటరీ కమ్యూనికేషన్ శాటిలైట్లే కదా అని ఒక్కదాని ధర పట్టుకుని రెండోదాన్ని "దండగ" అంటే, కందిపప్పు ధర చూపించి బియ్యం చవకన్నట్టే.

పేజీ పైన ఒక వాక్యం రాయండి: ఎవరికి, ఎక్కడ, ఎంత సామర్థ్యం, ఎన్నేళ్ళు. ఉదాహరణకు "హిందూ మహాసముద్రంలో ఓడలకు, 600 మెగాహెర్ట్జ్, 15 ఏళ్ళు". మెగాహెర్ట్జ్ అంటే సిగ్నల్ పోయే దారి వెడల్పుకి కొలత. ఈ వాక్యంలో ఇమడని శాటిలైట్‌ని పట్టికలోకి రానివ్వకండి. 2024 అక్టోబర్‌లో కేంద్రం 52 నిఘా శాటిలైట్లకు 26,968 కోట్లు ఆమోదించింది. కమ్యూనికేషన్ ఖర్చుల మధ్య ఆ అంకెను ఇరికించిన వ్యాసాలు నేను చూశాను. అది భూమిని ఫొటోలు తీసే పని. దీనికీ దానికీ సంబంధం లేదు.

రెండో అడుగు: ప్రతి అంకెకీ చీటీ అంటించండి

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

రుక్మిణి, అంటే జీశాట్-7, 2013 ఆగస్టు 30న ఫ్రెంచ్ గయానాలోని కౌరు నుంచి ఏరియన్-5 రాకెట్ మీద వెళ్ళింది. బరువు దాదాపు 2,650 కిలోలు. వార్తల్లో వచ్చిన 185 కోట్లు శాటిలైట్ తయారీకి అయిన ఖర్చు మాత్రమే. రాకెట్ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపి సుమారు 470 కోట్లని అప్పుడే వచ్చింది. కానీ హెడ్డింగుల్లో 185 మిగిలిపోయి 470 జారిపోయింది. పెళ్ళి ఖర్చెంతని అడిగితే తాళిబొట్టు ధర చెప్పినట్టు.

రెండూ కలిపితే 655 కోట్లు. 2,963ని 655తో భాగిస్తే నాలుగున్నర. పదహారు రెట్లలో పెద్ద ముక్క చీటీ అంటించగానే రాలిపోయింది.

అంకె పక్కన మీరు రాయాల్సిన చీటీలు రెండు రకాలు. మొదటిది, అందులో ఏమేం కలిశాయన్నది: శాటిలైట్ ఒక్కటేనా, రాకెట్ కూడానా, ఇన్సూరెన్సా, నేల మీద కంట్రోల్ స్టేషనా, సైనికుల చేతిలో ఉండే టెర్మినళ్ళా, డిజైన్ చేయడానికి పెట్టిన పరిశోధన ఖర్చా, ఏటేటా నడిపే ఖర్చా. రెండోది, అది ఏ దశలో చెప్పిన అంకె అన్నది: అంచనానా, ఆమోదమా, సంతకమైన ఒప్పందమా, చివరికి నిజంగా అయిన ఖర్చా.

జీశాట్-7బి 2,963 కోట్లు 2023 మార్చి 29న రక్షణ శాఖ న్యూస్పేస్ ఇండియా లిమిటెడ్‌తో (ఇస్రో వైపు వ్యాపారం చూసే ప్రభుత్వ సంస్థ) చేసుకున్న ఒప్పందం మొత్తం విలువ. ఎయిర్‌ఫోర్స్ కోసం అనుకున్న జీశాట్-7సికి 2021 నవంబర్‌లో వచ్చిన 2,236 కోట్లు అలాంటిది కాదు. అది కొనుగోలు అవసరాన్ని ఒప్పుకున్నప్పటి అంకె. పైగా అందులో శాటిలైట్‌తో పాటు నేల మీది హబ్‌లూ ఉన్నాయి. రెండూ "జీశాట్-7 సిరీస్" అనే పేరు కింద పక్కపక్కన కనిపిస్తాయి, చీటీలు మాత్రం వేరు.

విదేశీ అంకెలతో మరీ జాగ్రత్త. బ్రిటన్ 2003లో స్కైనెట్-5 ఒప్పందం చేసుకుంది. విలువ సుమారు 3.6 బిలియన్ పౌండ్లు, గడువు 2022 వరకు, ఎగిరిన శాటిలైట్లు నాలుగు. 3.6ని నాలుగుతో భాగించి "ఒక్కో శాటిలైట్‌కి 900 మిలియన్ పౌండ్లు" అని నేనే ఒకసారి బోర్డు మీద రాసేశాను. తర్వాత చదివితే తెలిసింది, అది శాటిలైట్లు కొన్న డబ్బు కాదు. ప్రైవేటు సంస్థ శాటిలైట్లు కట్టి, నేల స్టేషన్లు నడిపి, ఏళ్ళ తరబడి సేవ అందించినందుకు ఇచ్చే మొత్తం. మరుసటి రోజు క్లాసులో బోర్డు తుడిచి తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది. పిల్లలకు ఆ పాఠం బాగా గుర్తుండిపోయింది, శాటిలైట్ కంటే నా మొహం వల్లనే అనుకుంటా.

అమెరికా అంకెల్లో పరిశోధన ఖర్చు గుచ్చుకుంటుంది. కొత్త టెక్నాలజీతో మొదటిసారి చేసే శాటిలైట్ మీద డిజైన్ ఖర్చంతా పడుతుంది. అదే అచ్చులో ఆరోదో, తొమ్మిదోదో పోస్తే తయారీ ఖర్చే మిగులుతుంది. అందుకే ప్రోగ్రామ్ మొత్తాన్ని శాటిలైట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటుకీ, "ఇంకొకటి కావాలంటే ఎంత" అన్న ధరకీ చాలా తేడా ఉంటుంది. మీ ప్రశ్న "వాళ్ళు ఎంత పెట్టారు" అయితే సగటు తీసుకోండి. "మనం ఇంకొకటి కొంటే ఎంత" అయితే రెండోది తీసుకోండి. ఒకే పట్టికలో రెండూ కలపకండి.

మూడో అడుగు: రూపాయిని ఒకే తేదీకి తెండి

2013 రూపాయి, 2023 రూపాయి ఒకటి కాదని టీ తాగేవాడెవడైనా చెబుతాడు. ఏడాదికి 6 శాతం చొప్పున ధరలు పెరిగాయని అనుకుందాం. పదేళ్ళకు 1.79 రెట్లు. రుక్మిణి 655 కోట్లు 2023 రూపాయల్లో దాదాపు 1,170 కోట్లు. ఇప్పుడు తేడా రెండున్నర రెట్లు. 5 శాతం వేసుకుంటే ఒక రకం, 7 శాతమైతే ఇంకో రకం. ఏది వేశారో పక్కన రాయడం ముఖ్యం.

విదేశీ కిరాయి ఉంటే మారకం రేటు కూడా చూడాలి. రుక్మిణి ఎగరడానికి సరిగ్గా రెండు రోజుల ముందు, 2013 ఆగస్టు 28న, డాలర్ 68 రూపాయలు దాటింది. ఆ ఏడాది మొదట్లో అది 55 దగ్గర ఉండేది. ప్రయోగం రోజు రేటుతో లెక్కేస్తే ఖర్చు ఉబ్బిపోతుంది. రాకెట్ కిరాయి ఒక్క రోజున కట్టరు, ఏళ్ళ ముందు నుంచి వాయిదాల్లో కడతారు. కాబట్టి ఏ వాయిదా ఎప్పుడు కట్టారో ఆ రోజు రేటు తీసుకోవాలి. అది దొరక్కపోతే ప్రయోగానికి ముందు రెండు మూడేళ్ళ సగటు రేటు వేసుకోవడం నయం.

ఇక వడ్డీ. ప్రభుత్వానికి వడ్డీ ఏంటని పిల్లలు అడుగుతారు. ప్రభుత్వం కూడా అప్పు తెచ్చే ఖర్చు పెడుతుంది. పొదలకూరు వైపు నిమ్మతోట వేసినవాణ్ణి అడగండి. మొక్కలు, గుంతలు, బోరు, డ్రిప్పు అన్నీ మొదటి ఏడే. కాయ చూసేది ఎన్నో ఏళ్ళకి. ఆలోపు వడ్డీ నడుస్తూనే ఉంటుంది. శాటిలైట్ కూడా అంతే. ఒప్పందం రోజు నుంచి సేవ మొదలయ్యే దాకా నాలుగైదేళ్ళు డబ్బు వెళ్తూనే ఉంటుంది, సిగ్నల్ మాత్రం రాదు.

మనకు తెలిసిన భాషలో చెప్పాలంటే నూటికి నెలకు ముప్పావలా వడ్డీ, అంటే ఏడాదికి 9 శాతం. 1,500 కోట్లు సగటున రెండేళ్ళ ముందే చేయి దాటిపోతే, సేవ మొదలయ్యే రోజుకి అది 1,782 కోట్లవుతుంది. ప్రాజెక్టు ఇంకో రెండేళ్ళు లేటైతే ఎంతవుతుందో మీరే వేసి చూడండి. ఆలస్యం కూడా ఖర్చేనని అర్థమయ్యేది అప్పుడే.

నాలుగో అడుగు: నేల మీది సామాను మరిచిపోకండి

పిల్లలూ పెద్దలూ అందరూ ఆకాశం వైపే చూస్తారు. షార్ నుంచి రాకెట్ లేస్తే మేడలెక్కి చూడటం నెల్లూరోళ్ళకు చిన్నప్పటి నుంచీ అలవాటు. 2022లో జిల్లాలు విడిపోయాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయినా మాకది ఇంకా మా షారే. కానీ బిల్లు ఎక్కువగా పెరిగేది నేల మీదే.

ముందు మిలిటరీకి సంబంధం లేని లెక్క ఒకటి చూడండి, ఎందుకంటే ఇది మన తీరానికి తెలిసింది. వేటకు వెళ్ళే పడవలకు ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్ డబ్బాలు అమర్చే పథకం ఉంది. నడి సముద్రం నుంచి రెండు వైపులా చిన్న మెసేజ్‌లు పంపుకోవచ్చు, తుపాను హెచ్చరిక అందుకోవచ్చు. దేశం మొత్తం మీద లక్ష పడవలకు 364 కోట్లు. పడవకు సగటున 36,400 రూపాయలు. పెద్ద మొత్తంలా అనిపించదు. కానీ 2018లో వెళ్ళిన జీశాట్-6ఎ శాటిలైట్ ఖర్చు సుమారు 270 కోట్లు. చిన్న మెసేజ్ డబ్బాల బిల్లే ఒక శాటిలైట్ ధరను దాటేసింది.

ఇప్పుడు సైన్యం సంగతికి వద్దాం. పదివేల టెర్మినళ్ళు, ఒక్కోటి 15 లక్షలు అనుకోండి. ఇవి నేను ఊహించిన అంకెలు, లెక్క నడక చూపించడానికే. 1,500 కోట్లు. అక్కడితో అయిపోదు. శాటిలైట్ 15 ఏళ్ళుంటే టెర్మినల్ అంతకాలం ఉండదు. మంచులో, ఇసుకలో, ఉప్పుగాలిలో తిరిగే ఎలక్ట్రానిక్స్ కదా. మధ్యలో ఒకసారైనా మార్చాలి. బ్యాటరీలు, రిపేర్లు, ఎన్‌క్రిప్షన్ మాడ్యూళ్ళు, నేర్పే శిక్షణ అదనం.

నేల మీది సామాను లేటైతే పైనున్నది ఎందుకూ కొరగాదని అమెరికా చేతులు కాల్చుకుని తెలుసుకుంది. ఎంయూఓఎస్ శాటిలైట్లు 2012 నుంచి 2016 లోపు ఐదూ పైకి వెళ్ళాయి. ప్రోగ్రామ్ ఖర్చు 7 బిలియన్ డాలర్లకు పైనే. కానీ వాటి కొత్త పద్ధతిలో మాట్లాడగల రేడియోలు సైనికుల చేతికి అందడం ఏళ్ళ తరబడి ఆలస్యమైంది. ఆ కాలమంతా శాటిలైట్ల కొత్త సామర్థ్యంలో ఎక్కువ భాగం ఖాళీగానే తిరిగింది. కాలవ తవ్వి, తూము కట్టి, పంట బోదెలు తవ్వడం మరిచిపోయినట్టు.

గిద్దలూరు వైపు సైన్యంలో పనిచేసినవాళ్ళు చాలా మంది ఉన్నారు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో సిగ్నల్స్ విభాగంలో చేసిన పెద్దాయన ఉంటే కూర్చుని అడగండి. రహస్యాలు అడగొద్దు, ఆయన చెప్పరు కూడా. ఒక సెట్ మోయడానికి, చార్జింగ్‌కి, నేర్చుకోవడానికి ఎంత తంటా పడేవారో అడగండి చాలు. పట్టికలో ఏ గడులు ఖాళీగా వదిలేశారో తెలిసిపోతుంది.

ఐదో అడుగు: సామర్థ్యాన్ని కొలిచే యూనిట్ ఎంచుకోండి

కిలోలతో పోల్చడం తేలిక. రుక్మిణి 2,650 కిలోలు, జీశాట్-7బి ఐదు టన్నుల తరగతి. సవరించిన ధరలను బరువుతో భాగిస్తే రుక్మిణి కిలోకి దాదాపు 44 లక్షలు, 7బి 59 లక్షలు. తేడా 1.3 రెట్లకు దిగింది. పదహారు ఎక్కడ, ఒకటింపావు చిల్లర ఎక్కడ!

అయినా దీన్ని చివరి జవాబుగా తీసుకోకండి. శాటిలైట్‌ని ఎవరూ కిలోల లెక్కన వాడుకోరు. వాడేది బ్యాండ్‌విడ్త్, అంటే సిగ్నల్ పోయే దారి వెడల్పు. అద్దెకిచ్చేవాళ్ళు మెగాహెర్ట్జ్‌కి ఏడాదికి ఇంత అని లెక్కేస్తారు. శాటిలైట్ లోపల సిగ్నల్ అందుకుని తిరిగి కిందికి పంపే భాగాన్ని కూడా ట్రాన్స్‌పాండర్ అనే అంటారు, మామూలుది ఒకటి 36 మెగాహెర్ట్జ్ ఉంటుంది. అయితే ఒక మెగాహెర్ట్జ్‌లో ఎన్ని మెగాబిట్లు పోతాయన్నది యాంటెనా సైజు, సిగ్నల్ బలం మీద ఆధారపడుతుంది. ఓడ మీది పెద్ద డిష్‌కి ఎక్కువ, వీపు మీది చిన్న సెట్‌కి తక్కువ. జామింగ్ తట్టుకోవడానికి సిగ్నల్‌ని వెడల్పుగా పరిస్తే ఇంకా తక్కువ. అందుకే 2024 నవంబర్‌లో వెళ్ళిన జీశాట్-ఎన్2 48 గిగాబిట్ల సామర్థ్యం చూపించి, మిలిటరీ శాటిలైట్‌ని "ఇంత ఖరీదా" అనడం సబబు కాదు. అది 32 బీములతో ఇళ్ళకు, విమానాలకు ఇంటర్నెట్ ఇచ్చే శాటిలైట్.

తర్వాత వాడకం శాతం. వెయ్యి మెగాహెర్ట్జ్ కొని ఆరు వందలే వాడితే ఖర్చును ఆరు వందలతోనే భాగించాలి. సైన్యంలో కొంత ఖాళీ ఉండటం తప్పు కాదు, అవసరం. యుద్ధం వచ్చిన రోజున కావాల్సింది ఆ ఖాళీయే. కాబట్టి రెండు గళ్ళు పెట్టండి: మామూలు రోజుకి, గడ్డు రోజుకి.

కింది కక్ష్యలో తిరిగే వందల, వేల చిన్న శాటిలైట్ల గుంపులతో పోల్చేటప్పుడు ఇంకో చిక్కు. 35,786 కిలోమీటర్ల ఎత్తులోని శాటిలైట్ మన నెత్తినే నిలబడి ఉంటుంది. 550 కిలోమీటర్ల ఎత్తులోది గంటన్నరకోసారి భూమి చుట్టేస్తుంది. భూమి మొత్తం ఉపరితలంలో భారత్ వాటా నూటికి ముప్పావు కూడా లేదు. ఏ క్షణంలో చూసినా సరిగ్గా మన నేల మీద ఉండేవి గుంపులో చాలా కొద్ది. సరిహద్దుల అవతలున్నా మనకు అందేవాటిని కలిపినా పిడికెడే. మిగతావన్నీ ఎవరెవరి సముద్రాల మీదో తిరుగుతుంటాయి. ప్రపంచమంతా సైన్యం ఉన్న అమెరికాకి అవీ పనికొస్తాయి. మనకోసమే అలాంటి గుంపు కట్టుకుంటే వాటికీ మనమే కట్టాలి. పైగా వాటి ఆయుష్షు ఐదేళ్ళ దగ్గర. 15 ఏళ్ళ లెక్కకు మూడు సెట్లు. ఒక్కోటి చవక కదా అని మురిసిపోయే ముందు మూడుతో గుణించండి.

ఆరో అడుగు: సొంతమా, అద్దెనా, పొత్తా

ట్రాక్టర్ కొనాలా, గంటకింత కిరాయికి పిలవాలా అన్న తర్జనభర్జన ఏ ఊళ్ళోనైనా ఉండేదే. ఎకరాలు ఎక్కువైతే సొంతం, తక్కువైతే కిరాయి. ఆ గీత ఎక్కడుందో కనిపెట్టడమే ఈ అడుగు. మళ్ళీ ఊహా అంకెలే.

సొంత శాటిలైట్, రాకెట్, ఇన్సూరెన్స్, కంట్రోల్ స్టేషన్ కలిపి 1,500 కోట్లు. నడపడానికి ఏడాదికి 30 కోట్లు. ఆయుష్షు 15 ఏళ్ళు. వడ్డీ లేకుండా అయితే 1,500ని 15తో భాగించి 100, దానికి 30 కలిపి ఏడాదికి 130 కోట్లు. చాలా వ్యాసాలు ఇక్కడే ఆగిపోతాయి. ముప్పావలా వడ్డీ వేసి సమాన వాయిదాలుగా మార్చితే ఏడాదికి 186 కోట్లు వస్తుంది. ఏ ఈఎంఐ కాలిక్యులేటర్‌లో వేసినా ఇంచుమించు ఇదే వస్తుంది. 30 కలిపితే 216. నూటికి రూపాయి వడ్డీ అయితే 250 కోట్లు. 130కీ 250కీ మధ్య తేడా అంతా వడ్డీయే.

ఇప్పుడు అద్దె మెగాహెర్ట్జ్‌కి ఏడాదికి 30 లక్షలనుకుందాం. 216 కోట్లను 30 లక్షలతో భాగిస్తే 720. మీ అవసరం ఏళ్ళ తరబడి 720 మెగాహెర్ట్జ్ దాటి ఉంటే సొంతం నయం, లోపే ఉంటే అద్దె నయం. టెర్మినళ్ళ ఖర్చు రెండు వైపులా ఒకటే అయితే కొట్టేయండి. అద్దె శాటిలైట్ వేరే బ్యాండ్‌లో (ఫ్రీక్వెన్సీ వరసలో) ఉండి టెర్మినళ్ళు మార్చాల్సి వస్తే మాత్రం ఆ ఖర్చు అద్దె వైపు రాయాలి.

అద్దెలో ఏ ధరకు, ఎవరి ద్వారా తీసుకుంటున్నారన్నది కూడా ఉంటుంది. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2015లో ఇదే తవ్వి చూసింది. ఒకే కేంద్ర సంస్థ ద్వారా కాకుండా ఎవరి విభాగం వాళ్ళే విడివిడిగా ప్రైవేటు బ్యాండ్‌విడ్త్ కొంటే సగటున సుమారు 16 శాతం ఎక్కువ పడుతోందని తేల్చింది. అవసరం మీద పడ్డాక పరిగెత్తితే ఎవడైనా ఎక్కువే అడుగుతాడు. అక్టోబర్‌లో వాన మబ్బు చూసి వరికోత మిషన్ కోసం ఫోన్ చేసినవాడికి ఈ లెక్క కొత్త కాదు.

పొత్తు మూడో దారి. డబ్ల్యూజీఎస్‌లో ఆరో శాటిలైట్ ఖర్చు 2007లో ఆస్ట్రేలియా భరించడానికి ఒప్పుకుంది. తొమ్మిదోదానికి కెనడా, డెన్మార్క్, లక్సెంబర్గ్, నెదర్లాండ్స్, న్యూజిలాండ్ కలిసి డబ్బు పెట్టాయి. బదులుగా వాళ్ళకు ఆ ఒక్క శాటిలైట్‌లో కాదు, మొత్తం వ్యవస్థలో వాటా వచ్చింది. చిన్న దేశానికి ఇది చక్కటి బేరం. కానీ తాళం పొత్తుదారు దగ్గర ఉంటుంది. మన లాంటి దేశానికి ఆ తాళం విలువ ఎంతన్నది రూపాయల్లో రాయలేం. పట్టిక కింద మాటల్లో రాయండి, గడిలో ఇరికించకండి. నా వరకైతే రోజువారీ పనులకు అద్దె, గడ్డు రోజు పనులకు సొంతం అన్నదే సబబనిపిస్తుంది. మీ లెక్క వేరే చెబితే మీ లెక్కే నమ్మండి.

ఏడో అడుగు: పోయే అవకాశానికీ ధర కట్టండి

జీశాట్-6ఎ 2018 మార్చి 29న శ్రీహరికోట నుంచి చక్కగా లేచింది. మూడు రోజులు తిరక్కుండానే దానితో సంబంధాలు తెగిపోయాయి. 270 కోట్లు. రాకెట్ తప్పు లేదు, అయినా సేవ సున్నా. అమెరికా మొదటి ఏఈహెచ్ఎఫ్ ఇంకో తమాషా. 2010 ఆగస్టులో ఎగిరాక ప్రధాన ఇంజిన్ పనిచేయలేదు. చిన్న థ్రస్టర్లతో నెమ్మదిగా నెట్టుకుంటూ దాదాపు 14 నెలలకు దాని చోటికి చేర్చారు. శాటిలైట్ దక్కింది, ఏడాదికి పైగా కాలం పోయింది. మూడో అడుగులో చెప్పిన ఆలస్యం ఖర్చు ఇదే.

లెక్కలో దీన్ని పెట్టడం కష్టమేం కాదు. పదిలో ఒకటి పోతుందనుకుంటే, తొమ్మిది పనిచేసేవి దక్కడానికి పదింటికి కట్టాలి. అంటే ఖర్చును 0.9తో భాగించాలి. 1,500 కోట్లది 1,667 అవుతుంది. ఇన్సూరెన్స్ కట్టి ఉంటే డబ్బు తిరిగొస్తుంది కాబట్టి మళ్ళీ ఇక్కడ కలపకండి, రెండుసార్లు లెక్కేసినట్టవుతుంది. కానీ ఇన్సూరెన్స్ డబ్బిస్తుందే గానీ శాటిలైట్ ఇవ్వదు. ఇంకొకటి కట్టేదాకా ఆ ఏళ్ళకు అద్దె ఖర్చు వేసుకోవాలి.

రాకెట్ ఎంపిక కూడా ఆయుష్షును తినేస్తుంది. 2025 నవంబర్ 2న ఎల్‌వీఎం3 మీద వెళ్ళిన సీఎంఎస్-03 బరువు 4,400 కిలోల పైమాట. రుక్మిణి స్థానంలోకి వచ్చింది ఇదే. అంత బరువును రాకెట్ మామూలు బదిలీ కక్ష్య (శాటిలైట్ తన చోటికి ఎక్కే ముందు తిరిగే దారి) కంటే కిందనే, ఎక్కువలో ఎక్కువ దాదాపు 30,000 కిలోమీటర్ల ఎత్తుకు చేరే కక్ష్యలో వదిలింది. మిగతా దూరం శాటిలైట్ తన ఇంధనంతో ఎక్కాలి. సొంత రాకెట్ కాబట్టి విదేశీ కిరాయి మిగిలింది. దానికి బదులు శాటిలైట్‌లో అదనపు ఇంధనం మోయాల్సి వచ్చింది. పోల్చేటప్పుడు "రాకెట్ చవక" అని రాసి ఊరుకోకుండా, ఆయుష్షు గడిలో ఏముందో చూడండి. దీనికి కనీసం 15 ఏళ్ళు అని పెట్టుకున్నారు. ఎయిర్‌ఫోర్స్ జీశాట్-7ఎకి 8 ఏళ్ళే. ఒకే ధర పలికినా, ఏడాది ఖర్చులో మొదటిది దాదాపు సగం.

ఎనిమిదో అడుగు: వాన, దాడి

వాన పెద్దగా పడితే డీటీహెచ్ ఆగిపోయి టీవీ నల్లబడటం ఇక్కడ ప్రతి నవంబర్‌లో చూసేదే. అది కెయు బ్యాండ్ కాబట్టి. కెఎ బ్యాండ్ ఇంకా సున్నితం. సి బ్యాండ్, ఎస్ బ్యాండ్, యుహెచ్ఎఫ్‌లకు వాన పెద్ద లెక్క కాదు, కానీ అక్కడ దొరికే చోటు ఇరుకు. 1989లో కావలి దగ్గర తీరం దాటిన తుపాను లాంటిది వచ్చినప్పుడు, 2021 నవంబర్‌లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు, కమ్యూనికేషన్ ఎక్కువగా కావాల్సింది ఆ గంటల్లోనే. ఏడాదిలో 99 శాతం పనిచేస్తుందన్న వ్యవస్థ మిగతా ఆ ఒక్క శాతం, అంటే మూడున్నర రోజులు, ఎప్పుడు ఆగుతుందో అడగండి. ఆ ఒక్క శాతాన్ని కొనడానికి పెద్ద డిష్, ఎక్కువ పవర్, ఇంకో చోట రెండో స్టేషన్ కావాలి. అవీ ఖర్చులో రాయాలి.

దాడి సంగతి కూడా అలాంటిదే. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైన ఉదయమే వయాశాట్ సంస్థ కెఎ-శాట్ నెట్‌వర్క్ మీద సైబర్ దాడి జరిగింది. పైనున్న శాటిలైట్‌కి గీత కూడా పడలేదు. నేల మీద వేల మోడెమ్‌లు పాడైపోయాయి. దాదాపు 30,000 మోడెమ్‌లు కొత్తవి పంపాల్సి వచ్చింది. మామూలు వ్యాపార సేవ చవకగా ఉండటానికి ఒక కారణం, అలాంటి దాడిని తట్టుకునే ఖర్చు అందులో ఉండకపోవడం.

తొమ్మిదో అడుగు: పట్టిక వేసి, అంకెలను అటూ ఇటూ జరపండి

అడ్డంగా మీరు పోల్చే వ్యవస్థలు, నిలువుగా పై అడుగుల గళ్ళు. అట్టడుగు గడి ఒకటే: ఒక మెగాహెర్ట్జ్‌కి, ఒక ఏడాదికి, కావాల్సిన చోట, ఎంత. అందులో ఒక్క అంకె రాయకండి, తక్కువకు తక్కువ ఇంత, ఎక్కువకు ఎక్కువ ఇంత అని రాయండి. పైన వేసిన ఊహా శాటిలైట్‌నే చూడండి. వెయ్యి మెగాహెర్ట్జ్ మొత్తం వాడితే 21.6 లక్షలు. ఆరు వందలే వాడితే 36 లక్షలు. అద్దె 30 లక్షలు ఆ రెంటి మధ్యలో ఉంది. అంటే జవాబు శాటిలైట్ ధరలో లేదు, వాడకంలో ఉంది. వడ్డీ, ఆయుష్షు, వాడకం, ఆలస్యం ఈ నాలుగింటినీ ఒక్కొక్కటిగా మార్చి చూడండి. దేన్ని కదిపితే గెలిచేది మారిపోతుందో దాని మీదే మీ సమయం పెట్టండి. మిగతావాటిలో పైసల తేడా పట్టించుకోకండి.

అంకెలు వెతకడానికి మొదట రక్షణ శాఖ పీఐబీ (కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార విభాగం) ప్రకటనలు చూడండి, ఒప్పందం తేదీ, విలువ దొరుకుతాయి. పార్లమెంటు ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు, కాగ్ (ప్రభుత్వ ఖర్చుల ఆడిట్ చేసే సంస్థ) నివేదికలు తర్వాత. అమెరికావైతే వాళ్ళ ఆడిట్ సంస్థ నివేదికలు. పేపరు హెడ్డింగు చిట్టచివర.

కందుకూరు అబ్బాయి తర్వాతి వారం తన పట్టిక తెచ్చాడు. పదహారు కొట్టేసి, పక్కన 1.3 అని రాసి, కింద చిన్న అక్షరాల్లో "కిలో లెక్క, 6 శాతం, టెర్మినళ్ళు కలపలేదు" అని రాశాడు. మెగాహెర్ట్జ్ గడి దగ్గర ప్రశ్నార్థకం పెట్టాడు.

"ఇది ఖాళీ వదిలేయనా సార్?"

"వదిలెయ్ నాయనా. తెలియనిచోట అంకె రాయొద్దు," అన్నాను. జీశాట్-7ఎ కోసం ఇంకో నిలువు గీత గీసుకుంటూ కూర్చున్నాడు.